ముక్క పరీక్ష

నెల్లూరు దగ్గరి మైపాడు, కృష్ణపట్నం వైపు "ముక్క తీసి పరీక్షకు పంపారంట" అనగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. క్యాన్సరే అనుకుంటారు. కానీ ఈ ముక్క పరీక్షకు బయాప్సీ అనే పేరిచ్చింది ఒక చర్మవైద్యుడు. పారిస్ సెయింట్ లూయీ ఆసుపత్రికి చెందిన ఎర్నెస్ట్ బెనియే 1879లో దీన్ని వాడుకలోకి తెచ్చారు. గ్రీకులో బయోస్ అంటే జీవం, ఆప్సిస్ అంటే చూపు. బతికున్న మనిషి కణజాలాన్ని చూడటమన్నమాట. శవపరీక్ష దాకా ఆగకుండా, బతికుండగానే జబ్బును పట్టే పని ఇది.

ఈ పరీక్ష విలువ కుష్ఠు దగ్గర బాగా తెలుస్తుంది. పెద్దరోగమని మనవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునే ఆ జబ్బు కోసమే నెల్లూరులో డేమియన్ ఫౌండేషన్ కేంద్రం వెలిసింది. ఒంటిమీద తెల్లబారిన మచ్చలన్నీ కుష్ఠు కావు. శోభి కావచ్చు, బొల్లి కావచ్చు. అనుమానం తీరనప్పుడు మచ్చకు మత్తిచ్చి నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. ఫార్మలిన్‌లో నిలవచేసి, మైనంలో బిగించి, పలచటి పొరలుగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపు కింద పెడతారు. కుష్ఠయితే చర్మంలోని సన్నటి నరాల వెంబడి కణాలు గుంపుకట్టి కనిపిస్తాయి. ఫైట్ అనే ప్రత్యేక రంగువేస్తే, సూక్ష్మజీవులు ఎక్కువున్న రకంలో అవి ఎర్రటి కడ్డీల్లా బయటపడతాయి. 1873లో నార్వేలో హాన్సెన్ అనే వైద్యుడు చూసింది ఈ సూక్ష్మజీవులనే.

ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయం వదిలేయండి. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. కుష్ఠుకు మందులు అక్కడ ఉచితం.