గని మూతపడ్డా ఆడుతున్న జట్టు

సావనీరుకు ఆటల మీద వ్యాసం అడిగితే నేను కబడ్డీ గురించో వాలీబాల్ గురించో రాస్తాననుకుని ఉంటారు. ఇది ఐస్ హాకీ చరిత్ర. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలకు ఐస్ అంటే పుల్ల ఐసే కాబట్టి ముందు ఆట సంగతి చెబుతాను. గడ్డకట్టిన మంచు మీద, కాళ్లకు స్కేట్లతో, జట్టుకు ఆరుగురు ఆడతారు. బంతికి బదులు రబ్బరు బిళ్ల ఉంటుంది.

కెనడాలో మానిటోబా, సస్కాచెవాన్ రాష్ట్రాల సరిహద్దు మీద ఫ్లిన్ ఫ్లాన్ అనే గనుల పట్టణం ఉంది. అక్కడ దొరికేది రాగి, జింకు. ఊరి పేరు ఒక చవక నవలలోని హీరో పేరుకు కుదింపు. ఊరంతా బండ. పైపులు పాతడానికి వీల్లేక నేల పైనే చెక్క పెట్టెల్లో వేసి, ఆ పెట్టెల మీదే జనం నడిచేవారు. మన గుట్టల దగ్గర పునాది తవ్వించిన వాళ్లకు ఆ తిప్పలు తెలుసు.

1927లో గని కంపెనీ ఏర్పడింది. బాంబర్స్ అనే హాకీ జట్టు కూడా అదే ఏడాది పుట్టింది. 1957లో ఈ జట్టు కుర్రాళ్లు ఒట్టావా జట్టును ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో 4-3తో ఓడించి, కెనడా జూనియర్ హాకీలో పెద్దదైన మెమోరియల్ కప్పు తెచ్చారు. అప్పటికి ఊరి జనాభా పది, పదకొండు వేలు. మన మండల కేంద్రమంత ఊరు దేశ రాజధాని జట్టును గెలిచిందన్నమాట!

వాళ్లలో నాకు నచ్చినవాడు బాబీ క్లార్క్. తండ్రి గని కార్మికుడు. క్లార్క్‌కు చిన్నతనంలోనే షుగర్ వ్యాధి వచ్చింది. ఇన్సులిన్ వేసుకునే పిల్లవాడు ఈ మొరటు ఆట ఆడలేడన్నారు. కోచ్ పాట్ గినెల్ అతన్ని అమెరికాలోని మేయో క్లినిక్‌కు తీసుకెళ్లి, ఆడవచ్చని డాక్టర్ల చేత రాయించుకొచ్చాడు. అయినా 1969 ఎంపికల్లో మొదటి రౌండులో ఎవరూ తీసుకోలేదు. రెండో రౌండులో, 17వ వాడిగా, ఫిలడెల్ఫియా తీసుకుంది. 1974, 1975లో అతని కెప్టెన్సీలోనే ఆ జట్టు స్టాన్లీ కప్పు గెలిచింది. షుగర్ వచ్చిందని పిల్లల్ని ఆటలు మాన్పించే తల్లిదండ్రులు మనలోనూ ఉన్నారు కనుక ఇంత చెప్పాను.

ఆ రోజుల్లో జట్టు కుర్రాళ్లకు గని కంపెనీ పని ఇచ్చేది. పగలు పని, తర్వాత ఆట. మా బడి రోజుల్లో వాలీబాల్ బాగా ఆడేవాళ్లలో కొందరు దసరా దాటగానే తల్లిదండ్రుల వెంట డ్యాము పనులకు వలసపోయేవారు. మిగిలిన వాళ్లతో జట్టు కూర్చేవాళ్లం. పాలమూరు లేబర్ పిల్లలకు ఆట లేకపోవడానికి కారణం ప్రతిభ కాదు. ఊళ్లో పని లేకపోవడం.

ఫ్లిన్ ఫ్లాన్‌కూ గడ్డు రోజులొచ్చాయి. పెద్ద నగరాల డబ్బుతో పోటీపడలేక 1978లో పై స్థాయి లీగు జట్టు ఎడ్మంటన్‌కు తరలిపోయింది. ఊరివాళ్లు కింది స్థాయిలో అదే పేరుతో ఆట కొనసాగించారు. 1984 నుంచి సస్కాచెవాన్ జూనియర్ లీగులో ఆడుతున్నారు. 2010లో స్మెల్టర్ ఆగింది. 2022 జూన్‌లో చివరి గని మూతపడింది. 2001లో కోలార్ బంగారు గనులు మూసినప్పుడు కార్మికుల ఇళ్లలో ఏం జరిగిందో మన తెలుగువాళ్లకు తెలుసు. రేపు ఇల్లెందు, కొత్తగూడెం కుటుంబాల ముందున్నదీ ఆ ప్రశ్నే.

బాంబర్స్ జట్టు కంపెనీ ఆస్తి కాదు, ఊరి ఆస్తి. నడిపేది స్థానికులే. ఇప్పుడు జనాభా సుమారు 5 వేలు. విట్నీ ఫోరం అనే పాత స్టేడియంలో ఇప్పటికీ ఆడుతున్నారు. గెలిచిన రాత్రి అభిమానులు మంచు మీదికి దుప్పి కాలు విసురుతారట. అదేం సరదానో నాకింకా అర్థం కాలేదు.