పాతర జొన్నలు

మంత్రాలయం వచ్చేవారికి తుంగభద్ర తెలుసు, రాఘవేంద్రస్వామి బృందావనం తెలుసు. మంచాల అనే పాత పేరు గల ఈ ఊరి చుట్టుపక్కల ఒకప్పుడు ఇంటింటికీ ధైర్యమిచ్చిన పాతరల సంగతి మాత్రం మన మనవళ్లకు తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వానను నమ్మలేని సీమ మనది. పండిన ఏడు మిగిలిన జొన్నలను పండని ఏటికి దాచేవారు. మెరకన గొయ్యి తవ్వి, అడుగునా పక్కలా చొప్ప, పొట్టు పరచి, గింజలు పోసి, పైన మట్టి మెత్తేవారు. గాలి, తేమ చొరకపోతే పురుగు పట్టదు. గింజ ఏళ్ల తరబడి నిలిచేది. తెరిచిన వెంటనే దిగరాదని మా అవ్వ చెప్పేది. ముందు దీపం దించి చూడాలి. ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్టే. తొందరపడి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. పాతర గింజ తిండికే గాని విత్తనానికి పనికిరాదు. విత్తనాలను బూడిద కలిపి కుండల్లో వేరుగా పెట్టేవారు. దొడ్లో గోగాకు, మునగ, బీరపాదు ఉండనే ఉండేవి.

అయితే పాతకాలమంతా బంగారమని నేననను. పొలం ఉన్నవాడికే పాతర. 1876-78 కరువు వచ్చినప్పుడు ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. కూలివాడు కరువు పనులకు పోక తప్పలేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ మగకూలికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం ఖరీదు, పైన ఒక అణా చాలన్నాడు. కొద్ది నెలలకే దాన్ని పెంచవలసి వచ్చింది.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక పేదవాడి పొయ్యి మీదికి వరన్నం ఎక్కింది. అది మేలే. కాని జొన్నసంగటి తినడం నామోషీ అయింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు నాకు మా అవ్వే గుర్తుకొచ్చింది.

2009 అక్టోబరు వరదలో మా ఇంట్లో దాచుకున్న బియ్యం, పప్పులు బురదపాలయ్యాయి. ఆ నాలుగు రోజులూ పొరుగూరివారు పంపిన రొట్టెలే మా కడుపు నింపాయి. ఇంటి నిల్వ ఒక్కటే చాలదని నాకు తెలిసింది ఆనాడే.

సభ్యులకు నా మనవి. పాతరలు తవ్వమనను. పెరట్లోనో, మేడ మీద కుండీల్లోనో నాలుగు ఆకుకూరలు పెంచండి. కాసిన్ని విత్తనాలు దాచి, పక్కింటివారికీ పంచండి. ఇంట్లో నిల్వ, ఊళ్లో పొత్తు, రెండూ ఉన్ననాడే కరువుకైనా వరదకైనా మనం తట్టుకోగలం.