ఈజిప్టు రథము: అవయవములు, సంయోగము, శిల్పి

వైదిక వాఙ్మయమున రథమునకు గల స్థానము మిక్కిలి గొప్పది. కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను హయములుగను నిరూపించినది. అశ్వినీదేవతలకు రథమును నిర్మించిన ఋభువులను ఋగ్వేదము స్తుతించినది. అరము, నాభి, నేమి, అక్షము, ఈష, యుగము అను శబ్దములు వేదాధ్యేతల నోట నిత్యము పలుకుచుండును. కాని ఆ అవయవములు ఏ కొయ్యతో, ఎట్టి బంధములతో కూర్పబడెడివో కన్నులార చూపగల అరచక్రరథము ఆ ప్రాచీనకాలమునుండి భారతభూమిలో మిగిలియుండలేదు. 2018లో ఉత్తరప్రదేశమందలి సనౌలీలో బయల్పడిన వాహనముల చక్రములు అరములు లేని నిండుచక్రములు. అరచక్రరథమును చూడవలెనన్న నైలునదీ తీరమునకు పోవలసినదే.

1922 నవంబరు 4వ తేదీన హోవర్డ్ కార్టర్ రాజుల లోయలో టుటన్‌ఖామన్ సమాధిద్వారమును కనుగొనెను. క్రీ.పూ. 14వ శతాబ్దికి చెందిన ఆ రాజు సమాధిలో ఆరు రథములు లభించినవి. ప్రవేశమార్గము ఇరుకగుటచే వానిని విడదీసి, అక్షములను ఱంపముతో కోసి లోనికి చేర్చిరి. అంతకు పూర్వమే 1905లో యూయా, థూయా దంపతుల సమాధిలో ఒక రథము దొరకినది. ఇటలీలోని ఫ్లారెన్స్ సంగ్రహాలయమున మరియొకటి కలదు. వర్షము ఎరుగని ఆ శుష్కభూమి దారువును, చర్మమును సహితము మూడువేల సంవత్సరములకు పైగా కాపాడినది.

ఈ రథము ఈజిప్టువారి స్వంత కల్పన కాదు. గీజా మహాపిరమిడును కట్టిన కాలమున ఆ దేశమున గుర్రములు గాని రథములు గాని లేవు. అవి వచ్చినది సుమారు వేయి సంవత్సరముల తరువాత, హిక్సోసులను పరదేశీయులు నైలు ముఖభూములను ఏలిన కాలమునకు ఇటునటు. రథమునకు ఈజిప్టువారు వాడిన ‘మెర్కెబెత్’ అను పదము సెమిటిక్ భాషలనుండి గ్రహింపబడినది. పరులనుండి పొందిన ఆ విద్యను వారు కొలదికాలములోనే పరిపూర్ణతకు కొనిపోయిరి.

అందులకు చక్రమే ప్రమాణము. నాభియందు రంధ్రములు తొలిచి కఱ్ఱలను దిగగొట్టుట సామాన్యపద్ధతి. ఈజిప్టు శిల్పి అట్లు చేయలేదు. ఆరు కొయ్యముక్కలను వేడిమిచే వంచి, ఒక్కొక్కదానిని కోణాకృతిగా మలచెను. ఆ కోణముల మొనలన్నియు నాభిచుట్టు చేరును. ఒక కోణపు భుజము ప్రక్కకోణపు భుజముతో కలిసి ఒక అరమగును. అనగా ప్రతి అరమును రెండు అర్ధముల సంయోగమే. వీనిని బంకతో అతికి, తడిసిన పచ్చితోలుతో బిగించి చుట్టెడివారు. తోలు ఆరినకొలది కుంచించుకొని ఆ కూర్పును ఏకఖండమువలె పట్టియుంచును. నేమికి కూడ చర్మపుపట్టీయే కవచము. ఇనుపమేకు ఒక్కటియు లేదు. తొలి రథములకు నాలుగు అరములుండగా, అనంతరము ఆరు అరములు రూఢములైనవి.

అక్షమును పీఠమునకు నడుమ గాక వెనుక అంచున అమర్చుట మరియొక విశేషము. అందుచే భారమున కొంతభాగము ఈషద్వారా యుగముపై పడును. వేగముగా మలుపు తిరుగునపుడు రథము స్థిరముగా నిలుచును. రెండు చక్రముల నడుమ దూరము ఒకటిన్నర మీటరుకు మించియుండుటచే రథము సులభముగా బోర్లపడదు. పీఠమున పలకలు లేవు, తోలుపట్టీల అల్లిక మాత్రమే కలదు. నులకమంచమువలె అది కుదుపులను తనలో ఇముడ్చుకొనుటచే, పరుగెత్తు రథముపై నిలిచిన ధానుష్కుడు గురితప్పక బాణమును విడువగలిగెడివాడు. ఇంతటి రథము బరువు సుమారు 30 నుండి 35 కిలోలు మాత్రమే.

ఇందలి దారువులు ఈజిప్టున పెరుగునవి కావు. ఎల్మ్, యాష్ అను వృక్షముల కొయ్యను ఉత్తరదేశములనుండి తెప్పించెడివారు. కొన్ని భాగములను చుట్టిన వల్కలము భూర్జజాతి వృక్షమునది. హిమాలయసీమలలో ఏ జాతి వల్కలముపై మన పూర్వులు గ్రంథములు వ్రాసిరో, ఆ జాతి వల్కలమే అచ్చట రథాంగములను చుట్టినది. వాణిజ్యము, కప్పము, యుద్ధము ఈ మూడును లేనిదే ఈజిప్టున రథము లేదు. మెగిద్దో యుద్ధమున మూడవ థుట్మోస్ 924 రథములను పట్టుకొనినట్లు కర్నాక్ ఆలయకుడ్యములపై చెక్కబడియున్నది.

ఇచ్చట ఒక ప్రలోభము పొంచియున్నది. ఈజిప్టుతో వియ్యమందిన మితన్నిరాజుల సంధిపత్రమున మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల నామములు కలవు. తుష్రత్త అను మితన్నిరాజు ఫరోకు రథమును, అశ్వములను కానుకగా పంపెను. ఆతని నామమును ‘త్వేషరథ’ శబ్దముతో పండితులు పోల్చుదురు. కిక్కులి అను మితన్నివాసి అశ్వశిక్షాగ్రంథమున ‘ఐక’, ‘పంజ’, ‘సత్త’ అను సంఖ్యలు వినవచ్చును. ఇవన్నియు సత్యములే. అంతమాత్రముచే ఈజిప్టునకు రథమును ఇచ్చినది భారతదేశమని ఘోషించుట న్యాయము కాదు. అరచక్రరథముల అతిప్రాచీన అవశేషములు యూరల్ పర్వతప్రాంతమందలి సింతష్తాలో, క్రీ.పూ. 2000 నాటివి, లభించినవి. ఈజిప్టు చేర్చుకొనిన పదమేమో సెమిటిక్ పదము. రథకారాధికరణమున మీమాంసకులు వ్యుత్పత్తికంటె రూఢియే బలవత్తరమని నిర్ణయించిరి. శబ్దపు పోలికతో మురిసి అర్థమును నిర్ణయింపరాదని చెప్పిన సంప్రదాయమునకు వారసులైనవారు, శబ్దపు పోలికతో చరిత్రను నిర్ణయించుట ఎట్లు తగును? వేదగౌరవమునకు అసత్యపు ఊత అక్కరలేదు.

ఈజిప్టు ఆలయకుడ్యములపై ఫరో ఒక్కడే రథమున నిలిచి, పగ్గములను నడుమునకు చుట్టుకొని బాణములు విడుచుచుండును. యథార్థమున ఈజిప్టు యుద్ధరథమున ఇద్దరుండెడివారు: ఒకడు యోధుడు, ఒకడు సారథి. సారథిని చిత్రమునుండి తొలగించిరి. కొయ్యను వంచిన శిల్పి పేరు ఆ రథములపై లేనేలేదు. మన శ్రౌతవిధి బ్రాహ్మణునకు వసంతమున, రాజన్యునకు గ్రీష్మమున, వైశ్యునకు శరత్తున అగ్న్యాధానమును చెప్పుచు, రథకారుని మరువలేదు. వర్షఋతువును ఆతనికై ప్రత్యేకించినది.

అవయవములన్నియు ఉన్నను సంయోగము నశించినచో అవయవి నశించునని నైయాయికులు చెప్పుదురు. టుటన్‌ఖామన్ సమాధిలో చక్రములు, ఈషలు, పీఠములు అన్నియు ఉండెను, కాని రథము లేకుండెను. శ్రమించి మరల కూర్చిన పిమ్మటనే అవి రథములైనవి. పరలోకమున రాజు విహరించుటకై ఉంచిన ఆ వాహనములు అక్షములు తెగి, అశ్వములు లేక, సారథి లేక చీకటిలో పడియుండెను. రథమెంత దృఢమైనను గమ్యమును చేర్చునది సారథియే అను కఠోపనిషద్బోధను ఆ దృశ్యముతో కలిపి మననము చేయుట జిజ్ఞాసువులకు శ్రేయస్కరము.

స్వస్తి.