వైకల్య శాతంపై అప్పీలు

వైద్య బోర్డు తేల్చిన వైకల్య శాతాన్ని, లేదా అసలు వైకల్యమే లేదన్న నిర్ణయాన్ని ఒప్పుకోనివారు పై అధికారి ముందు సవాలు చేయడాన్ని వైకల్య శాతంపై అప్పీలు అంటారు. తెలుగు రాష్ట్రాల్లో ఇది ఎక్కువగా సదరం అనే వైకల్య సర్టిఫికెట్ చుట్టూ తిరుగుతుంది. పింఛను, ఉద్యోగ రిజర్వేషన్, ఆదాయపు పన్ను మినహాయింపు వంటివి చాలావరకు 40 శాతం దగ్గర మొదలవుతాయి. కాబట్టి 39కీ 40కీ మధ్య ఉన్న ఒక్క అంకె మీదే ఎన్నో అప్పీళ్లు నడుస్తాయి. ఈ వ్యాసం ముఖ్యంగా హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో పనిచేసేవారికి వర్తించే విధానాన్ని వివరిస్తుంది.

చట్టం

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. ఇది 1995 నాటి చట్టం స్థానంలో వచ్చి, గుర్తించిన వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. శాతం నిర్ణయించి సర్టిఫికెట్ ఇచ్చే అధికారులను 57వ సెక్షన్ కింద ప్రభుత్వం నియమిస్తుంది. వారి నిర్ణయంపై అప్పీలుకు 59వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. అప్పీలు ఎవరికి చేసుకోవాలి, ఎంత గడువు, ఎలా విచారించాలి అన్నవి రాష్ట్ర ప్రభుత్వమే నిర్దేశించాలి. అందుకే ఒక రాష్ట్రంలోని గడువు మరో రాష్ట్రంలో చెల్లదు. సర్టిఫికెట్ మాత్రం దేశమంతటా చెల్లుతుంది.

2017 జూన్‌లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, దరఖాస్తును తిరస్కరిస్తే కారణాలను రాతపూర్వకంగా తెలపాలి. అప్పీలుకు మొదటి ఆధారం ఈ కాగితమే. "మీకు రాదు పొండి" అన్న నోటిమాట మీద అప్పీలు నిలవదు. నివాస రుజువులో ఉన్న జిల్లాలో గానీ, చికిత్స పొందిన ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. హైటెక్ సిటీ రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో ఉంది. పక్కనే ఉన్న కూకట్‌పల్లి మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలోకి వస్తుంది. ఆఫీసు ఎక్కడున్నా లెక్కలోకి వచ్చేది ఇంటి చిరునామానే. ఆధార్‌లో సొంతూరి చిరునామానే ఉంచుకుని మాదాపూర్ హాస్టళ్లలో ఉంటున్నవారు మొదట తేల్చుకోవలసిన విషయం ఇది.

సదరం, యూడీఐడీ

సదరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సాఫ్ట్‌వేర్ ఆధారిత మదింపు పద్ధతి. ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగే సదరం క్యాంపులో డాక్టరు పరీక్ష ఫలితాలను నమోదు చేస్తే శాతం లెక్క కంప్యూటర్ తేలుస్తుంది. తెలంగాణలో క్యాంపు స్లాట్లను మీసేవ ద్వారా ఇచ్చేవారు. ఆ తరవాత ఈ వ్యవస్థ దివ్యాంగుల గుర్తింపు కార్డుల కోసం కేంద్రం నడిపే యూడీఐడీ పోర్టల్ వైపు మళ్లింది.

శాతం ఎలా వస్తుంది

మదింపు మార్గదర్శకాలను కేంద్రం 2018 జనవరిలో నోటిఫై చేసి, 2024 మార్చిలో సవరించింది. శాతం డాక్టరు అంచనా కాదు. అది పరీక్ష ఫలితాన్ని ఒక సూత్రంలో వేస్తే వచ్చే అంకె. తప్పు జరిగితే పరీక్షలో జరిగి ఉండాలి, లేదా సూత్రం వాడిన చోట జరిగి ఉండాలి. ఏ మెట్టు దగ్గర తప్పు వచ్చిందో చూపగలిగిన అప్పీలుకే బలం ఉంటుంది.

వినికిడినే తీసుకుందాం. 2018 మార్గదర్శకాల ప్రకారం రెండు చెవుల శాతాలను విడిగా కట్టి, బాగా వినిపించే చెవి శాతాన్ని 5తో హెచ్చవేసి, రెండో చెవి శాతాన్ని కలిపి, మొత్తాన్ని 6తో భాగిస్తారు. ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగున్నవారికి 17 శాతమే వస్తుంది. ఆ మంచి చెవిలో 27 శాతం లోపం ఉంటే మొత్తం 39 దగ్గర ఆగిపోతుంది, 28 ఉంటే సరిగ్గా 40 అవుతుంది. అంటే ఇక్కడ తగాదా పోయిన చెవి గురించి కాదు, మిగిలిన చెవి గురించి. ఆడియోగ్రామ్‌పై అనుమానం ఉంటే శబ్దానికి మెదడు స్పందనను కొలిచే బెరా పరీక్ష కోరడం ఇలాంటి అప్పీలులో పనికొచ్చే వాదన.

ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నప్పుడు శాతాలను నేరుగా కూడరు. పెద్ద శాతాన్ని 90 నుంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో హెచ్చవేసి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. కాలికి 40, చెవికి 30 ఉంటే వచ్చేది 70 కాదు, 57. "నా శాతం తగ్గించారు" అన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఈ లెక్క తెలియకపోవడమే. అలాంటివి అప్పీలులో నెగ్గవు. రెండో వైకల్యాన్ని అసలు పరీక్షించకుండా వదిలేస్తే మాత్రం అది గట్టి కారణం.

అప్పీలుకు ముందు

సర్టిఫికెట్‌పై అసంతృప్తి అంతా అప్పీలు కాదు. పేరు, పుట్టిన తేదీ తప్పుపడితే దిద్దుబాటు కోరితే చాలు. మదింపు జరిగిన తరవాత ఆరోగ్యం ఇంకా దెబ్బతింటే కొత్తగా మదింపు కోరాలి. తాత్కాలిక సర్టిఫికెట్ గడువు తీరితే మళ్లీ పరీక్షకు వెళ్లాలి. పరీక్ష జరిగిన రోజునే నిర్ణయం తప్పు అన్నప్పుడు మాత్రమే అది అప్పీలు అవుతుంది.

అప్పీలుకు కావలసింది ఆ రోజు నమోదు చేసిన వివరాల నకలు. దాన్ని 2005 సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. సమాధానానికి 30 రోజుల గడువు ఉంటుంది. అయితే అప్పీలు గడువు దీనికోసం ఆగదు కాబట్టి, ముందు అప్పీలు వేసి, నకలు వచ్చాక జతచేయడం మేలు. ప్రైవేటు ఆసుపత్రి నివేదిక ఆధారంగా పనికొస్తుంది కానీ సర్టిఫికెట్‌కు బదులు కాదు. అందులో "తీవ్ర సమస్య" అన్న మాట కంటే డెసిబెల్, చూపు కొలత, కీలు వంగే డిగ్రీలు వంటి అంకెలకే విలువ ఎక్కువ.

అప్పీలు తరవాతి దారులు

అప్పీలులోనూ న్యాయం దక్కలేదనుకుంటే, హక్కుల ఉల్లంఘనపై రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి విషయాల్లో కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి. తెలంగాణ కమిషనర్ కార్యాలయం హైదరాబాద్ మలక్‌పేటలో ఉంది. ఆఖరి మెట్టు హైకోర్టులో రిట్ పిటిషన్. సాధారణంగా కోర్టు తానే శాతం నిర్ణయించదు. పద్ధతి తప్పిందని తేలితే కొత్త బోర్డుతో మళ్లీ పరీక్షించమంటుంది. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది.

ఐటీ కారిడార్‌లో రెండు లెక్కలు

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఈ ప్రాంతంలో ఒకే భవనంలో రెండు రకాల ఉద్యోగులు ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి సర్టిఫికెట్ అవసరం ఎక్కువగా పన్ను దగ్గర వస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 80యు సెక్షన్ కింద పాత పన్ను విధానంలో 40 శాతానికి 75,000 రూపాయలు, 80 శాతం, అంతకు మించి ఉంటే 1,25,000 రూపాయలు ఆదాయం నుంచి తగ్గించేవారు. ఆదాయ పరిమితి కారణంగా వారికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఆసరా పింఛను రాదు.

అదే భవనంలో పనిచేసే సెక్యూరిటీ గార్డుకు, హౌస్‌కీపింగ్ కార్మికురాలికి నెల జీతం 21,000 రూపాయలు మించకపోతే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. పనిలో గాయపడి శాశ్వత వైకల్యం వస్తే ఈఎస్‌ఐ వైద్య బోర్డు తేల్చేది వైకల్య శాతం కాదు, సంపాదన శక్తి ఎంత పోయిందన్న శాతం. 1948 ఈఎస్‌ఐ చట్టం షెడ్యూలులో ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 40 శాతం అని ఉండేది. సదరం లెక్కలో అదే కంటికి 30 శాతమే వస్తుంది. అందువల్ల ఈఎస్‌ఐ డబ్బు అందుకుంటున్న వ్యక్తికే పింఛను తిరస్కరణ రావచ్చు. అందులో వైరుధ్యం లేదు కాబట్టి ఒక బోర్డు శాతాన్ని చూపి ఇంకో బోర్డును ప్రశ్నించడం కుదరదు.

ఆ చట్టం కింద ఈఎస్‌ఐ వైద్య బోర్డు నిర్ణయంపై వైద్య అప్పీలు ట్రిబ్యునల్‌కు గానీ, నేరుగా ఉద్యోగుల బీమా కోర్టుకు గానీ మూడు నెలల్లో వెళ్లే వీలుండేది. 2020 సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చి ఈ చట్టం స్థానం తీసుకుంది.

పింఛన్ల పునఃపరిశీలన

తెలంగాణలో దివ్యాంగుల ఆసరా పింఛను 2019లో 3,016 రూపాయలకు, 2023లో 4,016కు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000 అయింది. మొత్తం పెరిగేకొద్దీ అర్హతపై నిఘా కూడా పెరిగింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత సర్టిఫికెట్లను మళ్లీ పరీక్షించి, 40 శాతం లోపు తేలినవారికి ఆగస్టులో పెద్దయెత్తున నోటీసులు ఇచ్చింది. ఆందోళనలు రేగడంతో అప్పీలుకు అవకాశం ఇచ్చి, పునర్మదింపు చేపట్టింది. ఏళ్ల తరబడి చెల్లిన సర్టిఫికెట్‌ను కూడా కాపాడుకోవలసి రావచ్చని ఈ ఉదంతం చూపింది. మోసంతో ప్రయోజనం పొందితే దివ్యాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. శాతం తగ్గినంత మాత్రాన మోసం రుజువైనట్లు కాదు.

40 శాతం లోపు

అప్పీలు ఓడిపోయినా అన్ని హక్కులూ పోవు. 2016 చట్టంలో దివ్యాంగుల నిర్వచనానికి శాతంతో సంబంధం లేదు. రిజర్వేషన్ వంటి కొన్ని ప్రయోజనాలకే 40 శాతం షరతు ఉంది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్ ఉన్న అభ్యర్థి కేసులో (వికాస్ కుమార్, యూపీఎస్సీ మధ్య వివాదం) 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. 40 శాతం లేకపోయినా పరీక్షలో రాయడానికి సహాయకుణ్ని ఇవ్వాలని తేల్చింది. ఉద్యోగుల విషయానికొస్తే, ప్రైవేటు సంస్థలు సహా ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని అదే చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు అందులో కల్పించే సదుపాయాలను వివరించాలి. 39 శాతం సర్టిఫికెట్‌తో పన్ను మినహాయింపు రాని ఉద్యోగి కూడా క్యాప్షన్లున్న మీటింగు, సరైన కుర్చీ, మార్చుకోగల పనివేళలు కావాలని తన సంస్థను అడగవచ్చు.