చెరిపినా చెదరని ప్రధాన సంఖ్యలు

73939133 అనే ప్రధాన సంఖ్య తీసుకుని, కుడిచివర నుంచి ఒక్కో అంకె చెరుపుతూ రండి: 7393913, 739391, 73939, 7393, 739, 73, 7. మధ్యలో ఎక్కడ ఆగినా మిగిలేది ప్రధాన సంఖ్యే.

ప్రధాన సంఖ్యలు అంతులేనివని క్రీ.పూ. 300 ప్రాంతంలోనే యూక్లిడ్ నిరూపించాడు. అయినా ఈ ఆట గ్రీకులకు తట్టే వీలు లేదు. 739 రాయాలంటే వాళ్లు ఏడువందలకో అక్షరం, ముప్పైకో అక్షరం, తొమ్మిదికో అక్షరం రాసేవారు. చివరి అక్షరం చెరిపితే మిగిలేది 730, 73 కాదు. ఈ సంఖ్యలు కంటపడాలంటే మన దేశంలో రూపుదిద్దుకుని, అరబ్బుల మీదుగా యూరప్ చేరిన స్థానవిలువ పద్ధతి ఉండాల్సిందే.

1968లో మొదలైన జర్నల్ ఆఫ్ రిక్రియేషనల్ మాథమేటిక్స్ తొలి సంపుటాల్లో లెస్లీ కార్డ్ దాదాపు ఇలాంటి వరుసలనే పరిశీలించి, ‘స్నోబాల్ ప్రైమ్స్’ అని పేరుపెట్టారు. 1977లో ఏంజెల్, గాడ్విన్ వీటిపై గణిత పత్రం ప్రచురించారు. కుడినుంచి చెరపగలిగేవి మొత్తం 83. అన్నిటికన్నా పెద్దది పైన చెప్పిన 73939133.

అంతటితో ఎందుకు ఆగిపోయాయి? కుడిపక్కన కొత్తగా చేర్చదగ్గవి 1, 3, 7, 9 మాత్రమే. సరి అంకె చేరిస్తే 2, సున్నా గానీ అయిదు గానీ చేరిస్తే 5 భాగిస్తాయి. 73939133 అంకెల మొత్తం 38. దానికి 1 చేర్చినా 7 చేర్చినా మొత్తం మూడుతో తెగుతుంది, కాబట్టి సంఖ్యా తెగుతుంది. మిగిలిన 3, 9 చేర్చి చూస్తే వచ్చేవీ ప్రధాన సంఖ్యలు కావు. దారి మూసుకుపోయింది.

ఎడమనుంచి చెరిపేవాటికి ఇంత ఇరుకు లేదు. చివరి అంకె కదలదు. ముందు చేర్చడానికి సున్నా తప్ప తొమ్మిది అంకెలూ పనికొస్తాయి. అందుకే అవి 4260 ఉన్నాయి. పెద్దది 24 అంకెల 357686312646216567629137.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం 2000లో జెఫ్రీ షాలిట్ ప్రచురించిన ఫలితం. వరుస మార్చకుండా, ఏ అంకెలనైనా ఎక్కడినుంచైనా తీసేయవచ్చు అనుకుందాం. అప్పుడు ఎంతటి ప్రధాన సంఖ్యలోనైనా ఓ చిన్న జాబితాలోని సంఖ్య ఒకటి దాగి ఉంటుంది. అసలు ఇలాంటి జాబితాకు అంతు ఉంటుందన్న హామీ భాగహారం నుంచి కాదు, అక్షరాల వరుసలను గురించిన ఒక సిద్ధాంతం నుంచి వచ్చింది. 4649లో 6 తీసేస్తే 449; అది ఆ జాబితాలోదే. జాబితాలో ఉన్నవి 26 సంఖ్యలే. వాటిలో పెద్దది 66600049.