అరబ్బీ మాటలు తెలుగైన తీరు

అర్జీ, వకీలు, రైతు, జవాబు, అసలు, నకలు: ఈ మాటలు ఎరుగని తెలుగువాడు లేడు. ఇవన్నియు అరబ్బీ మూలము గలవి. మూలమునందలి ఉచ్చారణతో పోల్చి, ఇవి పామరుల నోట చెడిన రూపములని కొందరు తలంతురు. అది సరికాదు. ఈ మార్పులకు నియమములు గలవు. వానిని గుర్తించినచో మాట నడచివచ్చిన దారి కూడ తెలియును.

ఇవి అరబ్బుల నోటినుండి నేరుగా వచ్చినవి కావు. గోల్కొండను 1518 నుండి 1687 వరకు ఏలిన కుతుబ్‌షాహీల కాలమున రాజ్యవ్యవహారములందు పారశీకము వాడుకలో నుండెను. కొన్ని ఫర్మానులు పారశీకమునందును తెలుగునందును కూడ వెలువడెను. తరువాత హైదరాబాదు రాజ్యమున 1884లో పారశీకమునకు బదులు ఉర్దూ అధికారభాష యయ్యెను. కచేరీలలోని అరబ్బీ మాటలు ఈ రెండు భాషల మీదుగా తెలుగును చేరినవి.

ఇందుకు నిదర్శనము ఆ మాటలలోనే యున్నది. అరబ్బీలో బరువుగా పలుకు దకారము ఒకటి గలదు. పారశీకులు దానిని, ఆంగ్లేయులు 'జీబ్రా' అనునపుడు మొదట వినవచ్చు ధ్వనిగా మార్చిరి. తెలుగువారు దానిని జకారముగా గ్రహించిరి. ఇట్లు 'రాదీ' రాజీ అయినది. 'దబ్త్' జప్తు అయినది. న్యాయాధికారి యగు 'కాదీ' మనకు కాజీ. అరబ్బుల పాలన 711లో ఆరంభమైన స్పెయిను దేశమున ఆ మాటయే, 'అల్' అను ఉపపదముతో కూడి, 'అల్కాల్దే' యయ్యెను. అచట అరబ్బీతో సంబంధము సూటియైనది గనుక దకారము నిలిచినది.

మిగిలిన మార్పులు పలుకుబడికి చెందినవి. 'అస్ల్', 'నక్ల్' అను పదముల చివర రెండేసి హల్లులు గలవు. దక్కనీ ఉర్దూ వ్యవహారముననే వాని నడుమ అచ్చు చేరినది. తెలుగు చివర ఉకారము చేర్చి అసలు, నకలు అనెను. గొంతు లోతున పుట్టు 'ఐన్' అను అరబ్బీ హల్లు మనకు లేదు. 'మఅమూల్' అను మాటలో అది లోపింపగా ముందున్న అచ్చు దీర్ఘమై మామూలు అయినది.

రూపమునందును ఇట్లే జరిగినది. అరబ్బీలో 'వకీల్' అను దానికి బహువచనము 'వుకలా'. తెలుగు దానిని విడిచి, వేలు వేళ్లు అయినట్లే, వకీలును వకీళ్లు చేసినది. 'బదల్' నుండి బదలాయించు అను క్రియ పుట్టినది. అర్థము కూడ మారవచ్చును: పాలితులైన ప్రజలను తెలుపు 'రఇయ్యత్' మనకు సేద్యము చేయు రైతు.

1854లో సి. పి. బ్రౌను ఇట్టి మాటలను వేరుచేసి మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. వాడుకలో అట్టి వేర్పాటు నేడు కానరాదు. ప్రయోగశాలలోని మీటరు, బీకరు, ఆక్సిజను అను మాటల చివరి ఉకారము వకీలునందలి ఉకారమే. విద్యార్థులు తమ ఊరి పాత భూమి కాగితములలోని మాటలను ఏరి వరుసగా వ్రాసి చూచినచో, ఈ నియమములలో కొన్నిటిని తామే కనుగొనగలరు.