జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలో తోలుపని: వారు, పట్టెడ, ఒర

కరీంనగర మండల చరిత్రమును వ్రాయబూనినవారు సాధారణముగా కుర్క్యాల శాసనముతో ఆరంభింతురు. క్రీ. శ. పదవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన ఆ శాసనమున తెలుగు కందపద్యము లున్నవి కావున ఆ ఆరంభము న్యాయమే. పిదప వేములవాడ చాళుక్యులు వత్తురు. ఎలగందుల దుర్గము వచ్చును. 1747 లో జఫరుద్దౌలా కొరకు ఫ్రెంచి ఇంజనీర్లు కట్టిన జగిత్యాల కోట వచ్చును. శిలాశాసనము, బురుజు, ఫిరంగి కాలమునకు తట్టుకొని నిలుచును. తోలు నిలువదు. ఎద్దు మెడకు కట్టిన పట్టెడ కొన్ని వానలకే చివికిపోవును. దానిని చేసినవాని పేరు అంతకుముందే మరుగుపడును. నిలిచిన వస్తువులను మాత్రమే ఆధారముగా గొన్న చరిత్రలో తోలుపనికి చోటు దొరకకపోవుట వింత కాదు. కాని అది లోపము కాకపోదు.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే. నడికట్టును, కత్తి యొరను, తుపాకి యొరను చేయుటకు తగిన తోలు ఈ సీమలో ఉండెను. చేయగల చేయియు ఉండెను. లేనిది ఆ చేతిపనికి ధర చెప్పుకొను స్వాతంత్ర్యము మాత్రమే. ఈ మాటకు ఆధారములు మూడు: తోలును పదునుచేయు పద్ధతి, తోలువస్తువుల పేర్లు, ఆ పనికి ముట్టిన ప్రతిఫలము.

మొదట సీమను గూర్చి రెండు మాటలు. జగిత్యాల, కోరుట్ల నేడు జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నవి. 2016 అక్టోబరు 11 న ఈ జిల్లాలు ఏర్పడుటకు ముందు మూడును కరీంనగర్ జిల్లాలోనివే. కోరుట్ల ఒకప్పుడు చేతి కాగితమునకు పేరుపొందినది. పట్వారులు లెక్కలు వ్రాసికొనుటకు ఆ కాగితమును వాడుచుండిరి. సిరిసిల్ల మగ్గముల ఊరు. జగిత్యాల కోట గల ఊరు. కాగితము, వస్త్రము, కోట అను ఈ మూడు గుర్తుల చాటున నాల్గవది యొకటి కలదు. అది ఊరి చివర మాదిగవాడలో, ఇంటి ముంగిట, కుటుంబమంతయు కలిసి చేసిన తోలుపని. దానికి అంగడి లేదు; బోర్డు లేదు. ఇల్లే కార్ఖానా.

చచ్చిన పశువును ఊరినుండి తరలించుట మాదిగవారి విధిగను, దాని చర్మము వారి హక్కుగను గ్రామవ్యవస్థ నిర్ణయించినది. పచ్చితోలును కడిగి సున్నపునీటిలో నానవేయుదురు. వెండ్రుకలు వదులైన తరువాత వానిని గీకివేసి, లోపలి కండను రంపెతో చెక్కి, సున్నము పోవునట్లు పలుమారులు కడుగుదురు. పిదప తంగేడు చెక్కను దంచి నానవేసిన నీటిలో తోలును ఊరవేయుదురు. ఈ ఊరవేయు తొట్టికే లంద యని పేరు. కొన్నియెడల తోలును సంచివలె కుట్టి, చెక్కను నీటిని అందులో నింపి వ్రేలాడదీయుటయు కలదు. లోని కషాయము తోలు పొరలగుండ మెల్లగా ఇంకి బయటికి వచ్చును. కరక్కాయ నీటిలో వేసి, నూనె పట్టించి, నీడను ఆరబెట్టుటతో పని ముగియును. ఇది వారముల తరబడి సాగు పని. చెక్క దంచుట, నీరు మోయుట, తోలు త్రిప్పుట ఒక్కని చేతనగునవి కావు. ఆ వాసనను ఊరు ఏవగించుకొన్నది. ఆ వాసనలో పుట్టిన వస్తువును మాత్రము విడువలేకపోయినది.

తంగేడు మనకు బతుకమ్మ పూవుగా తెలిసినదే. తెలంగాణ రాష్ట్రమునకు అది రాష్ట్రపుష్పము కూడ. పూవు బతుకమ్మకు పోయినది, చెక్క లందకు పోయినది. తంగేడు చెక్కలోని వగరు పదార్థము తోలును గట్టిపరచి కుళ్ళకుండ కాపాడును. ఇట్లు చెట్టు చెక్కతో పదునైన తోలుకు ఒక గుణము కలదు. దానిని తడిపి ఒక వస్తువుపై అదిమి ఆరనిచ్చినచో ఆ వస్తువు ఆకారమును పట్టుకొని విడువదు. ఒర చేయువానికి కావలసిన గుణ మిదియే. కత్తికి గాని పిస్తోలుకు గాని ఒర చేయువారు ప్రపంచమంతటను ఇట్టి తోలునే కోరుదురు. నడికట్టునకు వెన్నుపొడవున కోసిన తోలు శ్రేష్ఠము. అచట పోగు దట్టముగా నుండి తక్కువ సాగును. కడుపు ప్రక్కల తోలు సాగిపోవును. కాడిపట్టెకు, గజ్జెల పట్టెడకు తోలు కోసినవానికి ఈ సంగతి ఒకరు బోధింపనక్కరలేదు. ఆరెతో బెజ్జము పొడిచి సన్నని తోలుపోగుతో కుట్టుటయు వానికి నిత్యకృత్యమే. కాబట్టి పనితనము లేక ఈ సీమలో బెల్టు పుట్టలేదనుట సరికాదు.

ఇక పేర్ల సంగతి. తోలుపట్టీకి తెలుగున 'వారు' అని పేరు. తమిళమున 'వార్', కన్నడమున 'బారు' దీని తోబుట్టువులు. 'ఒర' అనునది పూర్వము 'ఒఱ'. దీనికి తమిళమున 'ఉఱై', కన్నడమున 'ఒఱె' కలవు. అనగా పట్టీయు, ఒరయు ద్రావిడభాషలు విడిపోకమున్నే మనవారి చేతిలోనున్న వస్తువులని భాషయే సాక్ష్యమిచ్చుచున్నది. పలుపు, పట్టెడ, నడికట్టు, తొండము అను మాటలును మనవే. ఇవి యన్నియు ఎద్దుకు, బావికి, పొలమునకు సంబంధించినవి. లేదా సామాన్యుని నడుమునకు సంబంధించినవి. గుఱ్ఱమునకు, కొలువునకు, సిపాయికి సంబంధించిన తోలువస్తువులను చూతము. జీను పారసీకము నుండి వచ్చినది, లగామును అట్టిదే. కళ్ళెము అను తెలుగుమాట యున్నను లగాము దాని ప్రక్క నిలిచినది. పటకా హిందుస్తానీ మాట. బెల్టు ఇంగ్లీషు మాట. ఎద్దు పట్టెడకు తెలుగు పేరు, అధికారి నడుము పట్టీకి పరభాష పేరు ఏర్పడుట యాదృచ్ఛికము కాదని మా యభిప్రాయము. మొదటిది ఊరిలో పుట్టినది. రెండవది రాజ్యముతో వచ్చినది. బిళ్ళబంట్రోతు అను మాటలో ఈ రెండును కలిసినవి. బిళ్ళయు బంటును తెలుగే. కాని పట్టీపై తగిలించిన ఆ ఇత్తడి బిళ్ళకు విలువ నిచ్చినది సర్కారు.

ఊరిలో నడికట్టు లేనే లేదా? ఉన్నది. గీతవృత్తివారి మోకును, ముస్తాదును చూడుడు. తాటిచెట్టెక్కు వాని ప్రాణము నడుము చుట్టు మోకుపై ఆధారపడి యుండును. గీతకత్తులు నడుమున నుండును, చెట్టుపై చేయి చాపినంతనే అందవలెను. సిపాయి బెల్టు, పిస్తోలు ఒర చేయు పనియు ఇదే కదా: రెండు చేతులను విడిచిపెట్టి, పనిముట్టును నడుమునకు అంటిపెట్టి యుంచుట. అవసరమొక్కటే, గౌరవము వేరు. గీతకార్మికుల రక్షణ కొరకు తెలంగాణ ప్రభుత్వము 2024 లో కాటమయ్య రక్షణకవచము పేర క్రొత్త సామగ్రిని పంచుట ఆరంభించినది. నడుము పట్టీ ప్రాణముతో ముడివడిన వస్తువని ఇప్పటికైనను గుర్తింపు కలిగినది.

మూడవ ఆధారము ప్రతిఫలము. రైతు మాదిగవానికి వస్తువు వెల ఇచ్చుట లేదు. కల్లములో గింజలు కొలిచి యిచ్చును. దానికి ప్రతిగా సంవత్సరము పొడవున మోటకు తోలు బొక్కెనయు, ఇనుప బొక్కెన వచ్చిన పిదప దాని తోలు తొండమును, కాడిపట్టెలును, చెప్పులును చేసియిచ్చి బాగుచేయవలెను. దొరల యిండ్లకు ఈ గింజలును లేవు. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972 లో ప్రకటించిన తెలంగాణ పోరాటచరిత్రలో ఈ భేదమును స్పష్టముగా చెప్పినారు: తక్కిన రైతులు ఏడాదికింతయని ధాన్యమిచ్చుచుండగా, భూస్వాములకు మాత్రము చెప్పులు, కాడిపట్టెలు, మోట తోళ్ళు ఉచితముగా ముట్టజెప్పవలసి యుండెను. ఇది వెట్టి. వెట్టిలో రెండు నష్టము లున్నవి. మొదటిది కూలి పోవుట, అందరు నెరిగినదే. రెండవది మేలైన పనికి మేలైన ధర యుండునను ఊహయే నశించుట. ఉచితముగా పోవు పట్టెకు అంచు నునుపు చేయువాడెవ్వడు? చేసినను దానిని గుర్తించువాడెవ్వడు? గృహపరిశ్రమ వృద్ధిపొందుటకు కావలసిన మొదటి మెట్టు ఇచటనే విరిగినది.

వెట్టి విషయమున ఈ సీమ ఊరకుండలేదు. నిజామురాష్ట్ర ఆంధ్రమహాసభ నాల్గవ సమావేశము 1935 లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను సిరిసిల్లలోనే జరిగినది. వెట్టిచాకిరి నిర్మూలనకై ఆంధ్రోద్యమమువారు పలు సంవత్సరములు పనిచేసిరి. 1950 లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17 వ అధికరణముచే అంటరానితనమును, 23 వ అధికరణముచే వెట్టిని నిషేధించినది. అయినను 1978 సెప్టెంబరు 7 న జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర జరిపినప్పుడు వారి మాటలలో వెట్టి ఇంకను ఉండెను. ఆ సంవత్సరమే అక్టోబరు 20 న ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. శాసనమునకును ఊరికిని నడుమ దూరమెంతయో దీనివలన తెలియగలదు.

సర్కారు బెల్టు మరి యెక్కడనుండి వచ్చినది? 1858 లో ఉత్తరహిందూస్థానమున జరిగిన పోరులో ఎడమచేయి పోగొట్టుకొన్న శామ్ బ్రౌన్ అను ఆంగ్లాధికారి, ఒంటిచేతితో కత్తి దూయుట కనువుగా భుజముమీదుగా వార్చిన పట్టీతోకూడిన నడికట్టును కల్పించెను. కత్తియొర, పిస్తోలుయొర రెండును దానికి తగిలింపవచ్చును. కాలక్రమమున అది సైన్యాధికారులకును పోలీసు అధికారులకును గుర్తైనది. ఇట్టి సామగ్రి కొరకు ప్రభుత్వము కాన్పూరున 1860 ల దశకముననే జీను సామగ్రి కర్మాగారమును నెలకొల్పినది. 1881 లో కూపర్ అలెన్ కంపెనీ అచటనే వెలసినది. వేలకొలది ఒకే కొలత వస్తువులు కావలెనన్న సైన్యము చిన్న యింటి ముంగిలిని వెదకుకొని రాదు. ఊరి తోలులో కొంత మద్రాసు మార్గమున విదేశములకు ఎగుమతియైనది. ఆ ఎగుమతి తోలును పదునుచేసినదియు తంగేడే.

నూతన విజ్ఞానమును మొదట ఈ మోటబావినే స్మరించినది. ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ 1903 ప్రాంతమున మద్రాసులో క్రోము పద్ధతి ప్రయోగములను ఆరంభించినప్పుడు ఆయన తలపోసిన వస్తువులలో నీరు తోడు తోలు బొక్కెన ముఖ్యమైనది. క్రోము తోలు నీటికి తట్టుకొనును. 1948 లో మద్రాసున కేంద్రీయ చర్మపరిశోధన సంస్థ వెలసినది. దానికి 1958 నుండి 1971 వరకు సంచాలకులైన యలవర్తి నాయుడమ్మగారు తెనాలి ప్రాంతపు తెలుగువారు. శాస్త్రము గ్రామ చర్మకారునికి అందవలెనని వారు పట్టుబట్టిరి. కాని ఈలోపల ఊరిలో వేరొక మార్పు వచ్చెను. కరెంటు మోటారు రాగా మోట ఆగెను; మోట ఆగగా తొండము అక్కరలేకపోయెను. ట్రాక్టరు రాగా కాడి తగ్గెను. కాడి తగ్గగా పట్టె తగ్గెను. రబ్బరు, ప్లాస్టికు చెప్పులు మిగిలినది కొనిపోయెను. సిరిసిల్లలో నాడెను కొట్టు పచ్చితోలు పికరువంటి చిన్నవస్తువు మరమగ్గములవలన ఇంకను కావలసి వచ్చినను, అది కొనుగోలు సరుకే గాని ముంగిటి పని కాలేదు. వెట్టి పోయినది, మంచిదే. వెట్టి పోయి ధర వచ్చునాటికి వృత్తియే పోవుట ఇందలి విషాదము.

ఈ విషాదమును మేము పాతదానిపై మమకారముతో చెప్పుట లేదు. లంద వాసనలోనికి, కులము నిర్ణయించిన పనిలోనికి ఎవరిని మరల పొమ్మనుట అన్యాయము. పని పోవచ్చును, జ్ఞానము పోరాదు. జాంబవంతుని ముత్తాతగా కొనియాడు జాంబపురాణమును, చిత్రించిన పటమును చూపుచు డక్కలివారు చెప్పుచు వచ్చిరి. అనగా ఆ వృత్తివారికి తమ చరిత్ర తమకు కలదు; లేనిది మన గ్రంథములలోనే. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తిపదకోశమున 1962 లో వ్యవసాయపదములను, 1971 లో చేనేతపదములను ప్రకటించెను. సిరిసిల్ల మగ్గపు మాటలవంటివానికి అట్లు ముందే చోటు దొరకినది. ఆ తొలి వరుసలో తోలుపని లేదు.

కావున తెలుగు శాఖలలో చరిత్ర, భాష చదువువారికి మా విన్నపము. కోటను చూడబోవు విద్యార్థి ఆ త్రోవలోనే మాదిగవాడలో ఒక వృద్ధుని యెదుట కూర్చుండవలెను. ఆరె, రంపె, లంద, వారు, తొండము అను మాటలను ఆయన నోట విని, వ్రాసికొని, ఆయన పేరుతోనే నిలుపవలెను. తోలు నిలువదని మొదట చెప్పితిమి. మాట నిలుచును, వ్రాసికొన్నచో.